సైకోమెట్రిక్స్‌లో పీహెచ్‌డీ ఇక్కడ చేయాలా, బయటికి పోవాలా? కావలి అమ్మాయి ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగిన అమ్మాయిది కావలి దగ్గర పల్లె. ఇంటర్లో ఎంపీసీ, ఆ తర్వాత బీఏ, ఎమ్మే సైకాలజీ. ఇంటర్ అయ్యాక లెక్కల జోలికి పోలేదు. ఎమ్మే ప్రాజెక్టు కోసం ఇంగ్లిషు ప్రశ్నావళి ఒకటి తెలుగులోకి మార్చి నూటయాభై మంది చేత నింపించింది. మార్కులు కూడిన తర్వాత "అసలు ఈ అంకెలు దేన్ని కొలుస్తున్నాయి?" అన్న అనుమానం పట్టుకుంది. ఆ అనుమానమే మనసును కొలిచే శాస్త్రమైన సైకోమెట్రిక్స్ వైపు లాక్కొచ్చింది. ఇప్పుడు ఆమె అడిగేవి మూడు. ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ ఇండియాలో కుదురుతుందా, బయటికే పోవాలా? లెక్కలు వదిలేసి ఐదేళ్ళయింది, తట్టుకోగలనా? ఇంట్లో క్లినికల్ సైకాలజీ చేయమంటున్నారు, దీనికి ఉద్యోగాలు ఉంటాయా?

ముందు సూటిగా చెప్పేస్తానమ్మా. మీరు చేయగలరు. ఇక్కడా చేయొచ్చు, బయటా చేయొచ్చు. కాకపోతే రెండింటికీ ముందు ఒక ఏడాది లెక్కలకు ఇవ్వాలి. ఇండియాలో అయితే యూనివర్సిటీ పేరు చూసి కాక, గైడును చూసి చేరండి. బయట అయితే ఫీజు లేకుండా, నెలనెలా ఖర్చులకు డబ్బులిచ్చే సీటు వస్తేనే పోండి. పొలం తాకట్టు పెట్టి చేయాల్సిన పీహెచ్‌డీ కాదిది. ఉద్యోగాలున్నాయి, కానీ అవి ఆ పేరుతో పేపర్లో ప్రకటనగా రావు, వెతుక్కోవాలి.

నాది ఒంగోలు. ఇరవై ఏళ్ళకు పైగా పరీక్షలు, మానసిక స్కేళ్ళు (మనసును కొలిచే ప్రశ్నావళులు) తయారు చేయడం, వేరేవాళ్ళు తయారు చేసినవి సరిచూడడం నా పని. నేనూ సైకాలజీ విభాగంలోనే పీహెచ్‌డీ చేశాను. సైకోమెట్రిక్స్ అని బోర్డు పెట్టుకున్న విభాగం నాకు దొరకలేదు. నా అనుభవం మన జిల్లాల చుట్టూ తిరిగిందే కాబట్టి ఇక్కడి ఉదాహరణలే చెబుతాను.

మీ ఇంట్లోవాళ్ళకు ఈ సబ్జెక్టు ఏమిటో చెప్పాలంటే రొయ్యల చెరువు చూపించండి. చెరువులో రొయ్య కంటికి కనపడదు. రైతు చెక్ ట్రేలో కాస్త మేత వేసి దించుతాడు, రెండు గంటల తర్వాత పైకి లాగి చూస్తాడు. మేత ఎంత మిగిలింది, ట్రేలోకి ఎన్ని రొయ్యలు వచ్చాయి, వాటి పేగు నిండుగా ఉందా లేదా. ఈ గుర్తులు పట్టుకుని నీళ్ళ అడుగున ఉన్న సంగతి అంచనా కడతాడు. ఒక్క ట్రేని నమ్మడు, చెరువులో నాలుగు చోట్ల పెడతాడు. వారానికోసారి వల విసిరి కిలోకు ఎన్ని తూగుతున్నాయో కౌంట్ చూస్తాడు. మనం చేసేదీ అదే. దిగులు, తెలివి, ఆత్మవిశ్వాసం కంటికి కనపడవు. ప్రశ్నలే మన చెక్ ట్రేలు. ఎన్ని ట్రేలు కావాలి, ఏ ట్రే తప్పుడు కబురు చెబుతోంది, మన అంచనా ఎంత అటూ ఇటూ పోవచ్చు అన్న లెక్కంతా సైకోమెట్రిక్స్. క్వాంటిటేటివ్ సైకాలజీ దానికంటే పెద్ద గొడుగు. కొలతతో పాటు, ప్రయోగాలను ఎలా కట్టాలి, ఏళ్ళ తరబడి ఒకే మనిషిలో వచ్చే మార్పును ఎలా పట్టాలి, సైకాలజీకి సరిపోయే కొత్త గణాంక పద్ధతులు ఎలా తయారు చేయాలి అన్నవన్నీ దాని కిందికి వస్తాయి.

ఇక అసలు విషయం. ఈ పీహెచ్‌డీలో గట్టి పని ఎక్కడుందో నాకు ఒక్క మాట దగ్గర తెలిసొచ్చింది. ఆ మాట ఆశ.

నా థీసిస్ కోసం పద్దెనిమిది వాక్యాల స్కేలు ఒకటి తెలుగులోకి మార్చాను. భవిష్యత్తు పట్ల మనిషికి ఉన్న నమ్మకాన్ని కొలిచే స్కేలు అది. అందులో ఒక వాక్యం "నాకు జీవితం మీద ఆశ ఉంది." ఇంగ్లిషు నుంచి తెలుగుకు మార్పించాను, ఆ తెలుగును వేరొకరి చేత మళ్ళీ ఇంగ్లిషులోకి తిప్పించాను. రెండూ అతికినట్టు సరిపోయాయి. ఒంగోలులో కాలేజీ పిల్లల దగ్గర నింపించాను, బాగా వచ్చింది. తర్వాత కనిగిరి వైపు పల్లెలకు పోయాను.

పొగాకు ఆరబెట్టే ఒక బ్యారన్ పక్కన, రేకుల పంచ కింద కూర్చుని ఒక పెద్దామె పచ్చాకు కర్రలకు కడుతోంది. చేతివేళ్ళు ఆకు జిగురుతో నల్లగా ఉన్నాయి. నేను పక్కనే పీట మీద కూర్చుని ఒక్కో వాక్యం చదువుతున్నాను, ఆమె పని ఆపకుండా జవాబు చెబుతోంది. ఈ వాక్యం దగ్గరికి వచ్చేసరికి పురికొస లాగడం ఆపి నా మొహంలోకి చూసింది. "నాకేం ఆశ నాయనా! ఎవురి సొమ్మూ కోరుకోను. ఉన్నదాంట్లో సర్దుకుంటా. ఆశ లేదని రాసుకో" అంది. నేను "అసలు నిజం కాదు" అన్న గడిలో టిక్కు పెట్టాను. అంటే ఆ స్కేలు ప్రకారం ఆమె జీవితం మీద నమ్మకం పోయిన మనిషి. అదే ఆమె, అరగంట ముందు, మనవడికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిందనీ, వాడు సంపాదనలో పడితే ఆ రేకులు తీసేసి స్లాబు పోయిస్తాననీ నాతో చెప్పింది.

ఇంటికొచ్చి డేటా ఎక్కించాను. ఆ ఒక్క వాక్యానికీ మిగతా పదిహేడింటి మొత్తానికీ ఉన్న సంబంధం కాలేజీ పిల్లల్లో చక్కగా ప్లస్‌లో ఉంది. యాభై దాటినవాళ్ళలో మైనస్‌లోకి పోయింది. అందరినీ కలిపి చూస్తే దాదాపు సున్నా. "పనికిరాని ఐటమ్, తీసేసి ముందుకు పో" అన్నారు అప్పట్లో నాకు సలహా చెప్పిన ఒక పెద్దాయన. తీసేస్తే పట్టిక శుభ్రంగా కనిపించేది, థీసిస్ ఆర్నెల్లు ముందే అయిపోయేది. నాకు మనసు ఒప్పలేదు. మళ్ళీ పల్లెలకు పోయి ఇరవై మందిని కూర్చోబెట్టుకుని "ఈ వాక్యం మీకెలా అర్థమయిందో మీ మాటల్లో చెప్పండి" అని అడిగాను. పెద్దవాళ్ళకు ఆశ అంటే అత్యాశ, పరుల సొమ్ము మీద కన్ను. పిల్లలకు ఆశ అంటే పాఠ్యపుస్తకంలో నేర్చుకున్న అర్థం, రేపటి మీద నమ్మకం. ఒకే అక్షరాలు, రెండు వేరు వేరు ప్రశ్నలు. వాక్యాన్ని "ముందు ముందు మంచి జరుగుతుందని నాకు నమ్మకం ఉంది" అని మార్చి మళ్ళీ అడిగితే రెండు గుంపుల్లోనూ ఒకే తీరుగా నడిచింది.

ఇంగ్లిషుకు తిప్పి చూసుకున్నా ఈ తప్పు దొరకదు, గమనించారా. ‘హోప్’ ఆశ అవుతుంది, ఆశ మళ్ళీ ‘హోప్’ అవుతుంది. కాగితం మీద అంతా సవ్యమే. పుస్తకాల్లో దీన్ని డిఫరెన్షియల్ ఐటమ్ ఫంక్షనింగ్ అంటారు. లోపల ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరు మనుషులు, వేరు వేరు గుంపులకు చెందినందువల్ల ఒకే ప్రశ్నకు వేరు వేరుగా జవాబివ్వడం. దాన్ని పట్టే లెక్కలు మాంటెల్-హెన్జెల్, లాజిస్టిక్ రిగ్రెషన్, ఐటమ్ రెస్పాన్స్ థియరీ (ప్రతి ప్రశ్న కష్టాన్నీ మనిషి స్థాయినీ విడివిడిగా అంచనా కట్టే పద్ధతి) అని రకరకాలుగా ఉన్నాయి. లెక్క "ఇక్కడ ఏదో తేడా ఉంది" అని చూపిస్తుంది. ఎందుకు తేడానో ఆ పంచ కింద కూర్చుంటేనే తెలుస్తుంది. రెండూ చేయగలిగినవాళ్ళు మన భాషలో చాలా తక్కువమంది ఉన్నారు. మీరు రావాల్సింది అందుకే.

ఇలాంటిదే ఇంకొకటి, "లేదు" అన్న మాట. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్ళ మీద నా దగ్గర ఒక అబ్బాయి పనిచేశాడు. అతని ప్రశ్నావళిలో సగం వాక్యాలు తిరగేసి రాసినవి. "నాకు ఆకలి వేయడం లేదు. అవునా, కాదా?" ఆకలి లేనివాళ్ళలో కొందరు "అవును, లేదు" అన్నారు. కొందరు ఉత్తినే "లేదు" అన్నారు. ఆకలి బాగా ఉన్నవాళ్ళు కూడా "లేదే, వేస్తుంది" అన్నారు. ఒకే "లేదు" రెండు ఎదురెదురు అర్థాలతో వచ్చింది. రాసుకునే కుర్రాడు "లేదు" వినపడిన ప్రతిసారీ "కాదు" గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయాడు. ఏ వాక్యాలు కలిసి నడుస్తున్నాయో గుంపులుగా తేల్చే ఫ్యాక్టర్ అనాలిసిస్ చేస్తే రెండు ఫ్యాక్టర్లు తేలాయి. మామూలు వాక్యాలన్నీ ఒక దాంట్లో, తిరగేసిన వాక్యాలన్నీ ఇంకో దాంట్లో. అతను మనోస్థితిలో రెండు పార్శ్వాలు కనిపెట్టానని అధ్యాయం మొత్తం రాసుకొచ్చాడు. కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది, నాయనా, నువ్వు కనిపెట్టింది మనిషి మనసును కాదు, వాక్యం కట్టిన తీరును అని. పాపం రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత అదే అతని థీసిస్‌లో అన్నిటికన్నా గట్టి అధ్యాయం అయింది.

ఇప్పుడు మీ ఎమ్మే ప్రాజెక్టు దగ్గరికి వద్దాం. స్కేలు ఎంత నిలకడగా కొలుస్తోందో చెప్పడానికి వాడే అంకె, క్రాన్‌బాక్ ఆల్ఫా, 0.7 దాటింది కాబట్టి స్కేలు నమ్మదగిందని రాసి ఉంటారు. దాదాపు ప్రతి థీసిస్‌లో ఆ వాక్యం ఉంటుంది. ఆల్ఫా 0.7 దాటడం స్కేలు మంచిదనడానికి రుజువు కాదు. కాగితం మీద మీరే వేసి చూడండి. వాక్యాల మధ్య సగటు సంబంధం కేవలం 0.1 అనుకోండి, అంటే ఒకదానికొకటి పెద్దగా పొంతన లేనివి. అలాంటి వాక్యాలు పాతిక పోగు చేస్తే, ప్రామాణీకరించిన ఆల్ఫా 2.5ని 3.4తో భాగిస్తే వచ్చేది, సుమారు 0.74. చాలినన్ని ప్రశ్నలు వేస్తే చాలు, ఆల్ఫా అదే లేస్తుంది. క్రాన్‌బాక్ 1951లో రాసిన వ్యాసం ఈ మధ్య ఎంతమంది చదివారో గానీ, అందరూ వాడుతున్నారు. ఆల్ఫాతో పాటు అదే పనికి వాడే ఒమేగా అనే అంకె చూడండి, ఫ్యాక్టర్ నిర్మాణం చూడండి, అన్నిటికన్నా ముందు వాక్యాలు చదవండి.

ఈ లెక్క మనుషుల బతుకుల్లోకి ఎక్కడ దిగుతుందో కూడా చెప్పాలి. ఒక పిల్లవాడి ఐక్యూ 72 వచ్చిందని కాగితం ఇస్తారు. పరీక్ష ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 15, విశ్వసనీయత (కొలత ఎంత నిలకడగా ఉందో చెప్పే అంకె) 0.84 అనుకుంటే, కొలతలో దోషం 15ని 0.16 వర్గమూలంతో గుణించాలి, అంటే 6. నూటికి తొంభై అయిదు పాళ్ళు భరోసా కావాలంటే అటొక 12, ఇటొక 12. ఆ 72 నిజానికి 60 నుంచి 84 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 70 దగ్గర గీత గీసి అటువాళ్ళు, ఇటువాళ్ళు అని పిల్లల్ని విడదీసే చోట ఈ పన్నెండు పాయింట్లు ఎంత పెద్దవో ఆలోచించండి. మేధో వైకల్యం సర్టిఫికెట్ కోసం బిడ్డను చంకనేసుకుని తిరిగే తల్లికి ఆ విషయం ఎవరూ చెప్పరు. చాలాసార్లు పరీక్ష పెట్టినవాళ్ళకే తెలియదు. ఆ పరీక్ష తెలుగు పల్లె పిల్లల మీద ప్రమాణీకరించిందా అన్నది ఇంకో ప్రశ్న.

లెక్కల భయం సంగతి. సైకాలజీలో మెజర్‌మెంట్ మొదలైందే లెక్కతో. స్పియర్‌మన్ 1904లో సాధారణ బుద్ధి మీద రాసిన వ్యాసం ఫ్యాక్టర్ అనాలిసిస్‌కు మొదలు. 1935లో సైకోమెట్రిక్ సొసైటీ పుట్టింది, మరుసటి ఏడు సైకోమెట్రికా పత్రిక మొదలైంది. ఆ పత్రికలో 1955లో ఫ్యాక్టర్ అనాలిసిస్ మీద ఒక ముఖ్యమైన వ్యాసం రాసినాయన మన సి.ఆర్. రావు గారు. చిన్నప్పుడు గూడూరులో కూడా బడికి పోయినాయన. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, కలకత్తాలో స్టాటిస్టిక్స్ చేసి, 102 ఏళ్ళు బతికి 2023లో పోయారు. ఆయన 1945లో ఇచ్చిన క్రామెర్-రావు హద్దు మీరు ఐటమ్ రెస్పాన్స్ థియరీ నేర్చుకునేటప్పుడు ఎదురవుతుంది. ఒక పరీక్ష ఏ స్థాయి విద్యార్థి దగ్గర ఎంత సమాచారం ఇస్తుందో లెక్కేసి, దాన్ని తిరగేస్తే అంచనాలో తప్పు అంతకన్నా తగ్గదని చెప్పే హద్దు వస్తుంది. సులువు ప్రశ్నలతో నిండిన పేపరు తెలివైన పిల్లల మధ్య తేడా ఎందుకు చెప్పలేదో ఆ ఒక్క సూత్రంలో కనపడుతుంది. ఆ పేజీ మొదటిసారి అర్థమైన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీకు ఎంపీసీ పునాది ఉంది, అది చిన్న విషయం కాదు. అటక మీద నుంచి మీ ఇంటర్ పుస్తకాలు దించండి. ఫస్టియర్ 1ఎలో మాత్రికలు, 1బిలో అవకలనం, సెకండియర్ 2ఎలో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు, 2బిలో సమాకలనం. రోజుకు రెండు గంటలు కూర్చుంటే నాలుగు నెలల్లో చేతికొస్తాయి. తర్వాత నాలుగు నెలలు లీనియర్ ఆల్జీబ్రాలో ఐగెన్ విలువల దాకా, రిగ్రెషన్, మాగ్జిమమ్ లైక్లీహుడ్. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఈ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. చివరి నాలుగు నెలలు ఆర్ సాఫ్ట్‌వేర్. అదీ ఉచితమే. ఫ్యాక్టర్ అనాలిసిస్‌కు లావాన్, ఐటమ్ రెస్పాన్స్ థియరీకి మిర్ట్ అనే ప్యాకేజీలు అందులో ఉన్నాయి.

ఒక పద్ధతి మాత్రం తప్పకుండా అలవాటు చేసుకోండి. జవాబు మీకు ముందే తెలిసిన డేటాను కంప్యూటర్లో మీరే పుట్టించండి. వెయ్యి మంది, పది ప్రశ్నలు, ప్రతి ప్రశ్న కష్టం ఎంతో మీరే నిర్ణయించండి. తర్వాత ఆ డేటాను ప్రోగ్రాంకు ఇచ్చి మీరు పెట్టిన అంకెలు తిరిగి వస్తాయేమో చూడండి. మందిని నూటయాభైకి తగ్గించి మళ్ళీ చూడండి. అంకెలు ఎలా ఊగిపోతాయో కళ్ళారా చూశాక, శాంపిల్ ఎంత ఉండాలని ఇంకెవరినీ అడగరు. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో నిలదొక్కుకున్నవాళ్ళందరూ ఈ పని చేసినవాళ్ళే. ఎస్పీఎస్ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కడం మాత్రమే నేర్చుకున్నవాళ్ళు రెండో ఏడాదికి ఆగిపోయారు.

ఇండియాలో చేయాలంటే దారి ఇలా ఉంటుంది. ముందు యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ ఏటా రెండుసార్లు. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ అడ్మిషన్లు తీసుకునే పద్ధతి వచ్చింది. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పై మార్కులు వచ్చినవాళ్ళకిచ్చే పరిశోధన ఫెలోషిప్) రానివాళ్ళకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం, ఆ స్కోరు ఏడాది పాటు చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్ కొడితే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్‌ఎఫ్) కింద 42,000. ఇంట్లో డబ్బు గురించి మాట వచ్చినప్పుడు ఈ అంకె పనికొస్తుంది. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు, ఆడవాళ్ళకు ఐదేళ్ళ సడలింపు ఉంది. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్ళు.

సైకాలజీ విభాగాలు తిరుపతిలో ఎస్వీయూలో, విశాఖలో ఆంధ్రాలో, హైదరాబాద్‌లో ఉస్మానియాలో ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీ సెంటర్ ఉంది. ఐఐటీల్లో హ్యుమానిటీస్ విభాగాలు కొన్ని సైకాలజీలో పీహెచ్‌డీ ఇస్తాయి. 2021 నుంచి గేట్‌లోనూ హ్యుమానిటీస్ పేపరులో సైకాలజీ ఉంది. ఎడ్యుకేషన్, స్టాటిస్టిక్స్ విభాగాల తలుపులు కూడా తట్టండి. పరీక్షల మీద, మూల్యాంకనం మీద పనిచేసేవాళ్ళు అక్కడా ఉంటారు. మీ పట్టా మీద సైకాలజీ అని రాసున్నా ఎడ్యుకేషన్ అని రాసున్నా, లోపల చేసిన పని ఏమిటన్నదే తర్వాత అడుగుతారు.

గైడును ఎంచుకునేటప్పుడు మొహమాటం వద్దు. గత ఐదేళ్ళలో వాళ్ళు రాసిన మూడు వ్యాసాలు చదవండి. ఆల్ఫా, టీ టెస్టు, కోరిలేషన్ పట్టిక తప్ప ఇంకేమీ లేకపోతే మీకు నేర్పేది అక్కడ ఉండదు. వాళ్ళ దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్‌ను క్యాంటీన్‌కు పిలిచి టీ ఇప్పించి, సార్ డ్రాఫ్టు ఎన్ని రోజుల్లో చదివి ఇస్తారు అని అడగండి. నాకు మూడో అధ్యాయం పదకొండు నెలలు బీరువాలో ఉండిపోయింది. అప్పుడు పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని ఇది రాస్తున్నాను. వీలైతే స్టాటిస్టిక్స్ నుంచి కో-గైడును మొదటి ఏడే పెట్టించుకోండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ కాగితం కదలదు.

ఇంకొకటి, స్కేలు తెలుగులోకి మార్చే ముందు దాని హక్కులున్నవాళ్ళ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. థీసిస్ చివర్లో ఇది గుర్తొస్తే గుండె ఆగినంత పనవుతుంది.

బయటికి పోవాలంటే అమెరికాలో రెండు రకాల ఇళ్ళున్నాయి. సైకాలజీ విభాగాల్లో ఉన్న క్వాంటిటేటివ్ ప్రోగ్రాంలు ఒకటి. నార్త్ కరోలినా చాపెల్ హిల్‌లో సైకోమెట్రిక్స్ పెద్దల్లో ఒకరైన థర్‌స్టన్ పేరు మీద సైకోమెట్రిక్ ల్యాబ్ ఉంది, యూసీఎల్‌ఏ, ఒహాయో స్టేట్, వాండర్‌బిల్ట్, నోటర్‌డామ్, అరిజోనా స్టేట్ ఈ కోవలోవే. ఎడ్యుకేషన్ స్కూళ్ళలో ఉన్న మెజర్‌మెంట్ ప్రోగ్రాంలు రెండోవి. అయోవా, మసాచుసెట్స్ ఆమ్‌హర్స్ట్, మేరీల్యాండ్ లాంటివి. పరీక్షల సంస్థల్లో ఉద్యోగం మీ లక్ష్యమైతే రెండో రకాన్ని తక్కువగా చూడకండి. సాధారణంగా ఐదేళ్ళు పడుతుంది. అసిస్టెంట్‌షిప్ ఇస్తే ఫీజు మాఫీ, పైన స్టైపెండు. అప్లికేషన్లు ఎక్కువగా డిసెంబర్‌తో ముగుస్తాయి.

నెదర్లాండ్స్ సంగతి మనవాళ్ళకు తక్కువ తెలుసు. అక్కడ పీహెచ్‌డీ అంటే చాలావరకు ఉద్యోగమే, సాధారణంగా నాలుగేళ్ళు, జీతం ఇస్తారు. మీలాగా మాస్టర్స్ అయినవాళ్ళకు అది సరిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్, టిల్బర్గ్, లైడెన్, ట్వెంటే, పక్కనే బెల్జియంలో లూవెన్ ఈ సబ్జెక్టులో గట్టివి. ఖాళీలు ఒక్కొక్కటిగా, ఒక్కో ప్రాజెక్టు కోసం ప్రకటిస్తారు కాబట్టి ఏడాది పొడవునా వాళ్ళ వెబ్‌సైట్లు చూస్తుండాలి.

వీటన్నిటికీ పంపే ఉత్తరంలో "చిన్నప్పటి నుంచి మనుషుల మనసులంటే ఆసక్తి" అని మొదలుపెట్టకండి. మీ నూటయాభై మంది డేటాలో ఏ వాక్యం తప్పిందో, అది ఎందుకు తప్పిందని మీరు అనుకుంటున్నారో, ఆర్‌లో ఏం చేసి చూశారో రాయండి. ఆ ఒక్క పేజీ మీ మార్కుల జాబితా కంటే ఎక్కువ మాట్లాడుతుంది. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ మా బంధువుల అమ్మాయిని ఇదే సబ్జెక్టుకు ముందు సొంత ఫీజుతో మాస్టర్స్‌కు పొమ్మని పురమాయించింది. మాస్టర్స్ లేకుండా నేరుగా పీహెచ్‌డీకి తీసుకునే ప్రోగ్రాంలు అమెరికాలో ఉన్నాయని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. మీకైతే ఇప్పటికే ఎమ్మే ఉంది, ఇంకో మాస్టర్స్‌కు లక్షలు పోయకండి.

ఇక ఇంట్లోవాళ్ళు చెప్పే క్లినికల్. అది మంచి వృత్తి, అవసరమైన వృత్తి. దాని దారి మాత్రం వేరు. ప్రాక్టీసు చేయాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న కోర్సు, రిజిస్ట్రేషన్ కావాలి. సైకోమెట్రిక్స్‌లో పీహెచ్‌డీ చేసినంత మాత్రాన క్లినిక్ పెట్టుకునే హక్కు రాదు. ఈ సంగతి మీ నాన్నగారికి ముందే స్పష్టంగా చెప్పండి. నలుగురిలో "మా అమ్మాయి డాక్టరు" అని ఆయన చెప్పుకున్నాక, తర్వాత వచ్చే ప్రశ్నలకు మీ ఇద్దరూ ఇబ్బంది పడకూడదు.

ఉద్యోగాలు ఎక్కడంటే, పరీక్ష ఉన్న ప్రతిచోటా. జేఈఈ మెయిన్, మన ఈఏపీసెట్ లాంటివి రోజుల తరబడి, పూటకో పేపరుతో జరుగుతాయి. పొద్దున పేపరు కష్టంగా, మధ్యాహ్నం పేపరు తేలిగ్గా వస్తే ఇద్దరు పిల్లల్ని ఒకే వరసలో ఎలా నిలబెట్టాలి? ఆ నార్మలైజేషన్ లెక్క మన సబ్జెక్టే. ఫలితాలొచ్చిన రోజు నెల్లూరు, ఒంగోలు కార్పొరేట్ కాలేజీల ముందు తల్లిదండ్రులు మొదట అడిగేది అదే, దానికి సరైన జవాబు చెప్పగలిగినవాళ్ళు చుట్టుపక్కల కనపడరు. బడి పిల్లలు ఏం నేర్చుకున్నారో కొలవడానికి ఎన్‌సీఈఆర్‌టీలో 2023లో పరఖ్ అనే కేంద్రం వచ్చింది. ప్రైవేటు మూల్యాంకన సంస్థలు, ఉద్యోగ నియామకాలకు పరీక్షలు తయారు చేసే కంపెనీలు, ఎడ్‌టెక్ సంస్థలు, ఆరోగ్య సర్వేలు చేసేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో పరీక్షలు తయారు చేసే ఈటీఎస్, పియర్సన్, డాక్టర్ల లైసెన్సు పరీక్షలు నడిపే ఎన్‌బీఎంఈ లాంటివి సైకోమెట్రీషియన్ అన్న పేరుతోనే తీసుకుంటాయి. ఇండియాలో వెతికేటప్పుడు అసెస్‌మెంట్, మెజర్‌మెంట్, రీసెర్చ్ మెథడ్స్, డేటా అనలిస్ట్ అన్న మాటలతో వెతకండి. నా దగ్గర చేసిన ఆరుగురిలో ఇద్దరు యూనివర్సిటీ టీచింగ్‌లో ఉన్నారు, ముగ్గురు మూల్యాంకన సంస్థల్లో, ఒకమ్మాయి హైదరాబాద్‌లో ఆరోగ్య సర్వేల్లో. టీచింగ్ పోస్టు కోసమే కాచుక్కూర్చుంటే మాత్రం ఏళ్ళు పోతాయి. ఇది చెప్పకపోతే తప్పవుతుంది.

మీ వయసులో పెళ్ళి ఒత్తిడి కూడా ఉంటుందని తెలుసు. ఆడవాళ్ళకు పీహెచ్‌డీ గడువులో అదనంగా రెండేళ్ళు, ప్రసూతి సెలవు నిబంధనల్లోనే ఉన్నాయి. ఆ కాగితం ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, అవసరమైనప్పుడు అడగడానికి వెనకాడకండి.

ఇప్పుడు మొదటి పని. ఆ నూటయాభై మంది కాగితాలు పారేయకండి. మీ ప్రశ్నావళిలో మీకు అనుమానంగా ఉన్న మూడు వాక్యాలు తీసుకుని, ఈ ఆదివారం మీ ఊర్లో పదిమంది దగ్గరికి పోండి. మార్కులు అడగొద్దు. "ఈ మాటకు మీకేం అర్థమైంది?" అని మాత్రం అడగండి. పదిమందిలో కనీసం ఇద్దరు బడి మొహం చూడనివాళ్ళు, ఇద్దరు అరవై దాటినవాళ్ళు ఉండేట్టు చూసుకోండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, మీ భాషలోకి మార్చకుండా రాసుకోండి. ఆ ముప్పై జవాబులు ఇక్కడ పెడితే, ఏ వాక్యం ఎక్కడ జారిందో ఇద్దరం కూర్చుని చూద్దాం.